కట్టెల స్టాండు

కట్టెల స్టాండు అనగా చలిదేశాలలో ఇంటిలోపల, ఫైర్‌ప్లేస్ (గోడలో కట్టిన చలిమంట గూడు) లేదా ఇనుప కట్టెల స్టవ్వు ఉన్న గదిలో, ఒకటి రెండు రోజులకు సరిపడా ఎండుకట్టెలను పేర్చి ఉంచడానికి వాడే సాధనం. ఐరోపా, ఉత్తర అమెరికా దేశాల ఇళ్ళలో ఇది సాధారణంగా కనిపిస్తుంది. ఆంగ్లంలో దీనిని లాగ్ హోల్డర్, ఫైర్‌వుడ్ ర్యాక్ అని, బుట్ట ఆకారంలో ఉన్నదానిని లాగ్ బాస్కెట్ అని వ్యవహరిస్తారు. దుకాణాలలో దీనిని గృహాలంకరణ సామగ్రితో కలిపి అమ్ముతారు. అందువలన చాలామంది దీని రూపాన్ని మాత్రమే చూసి కొంటారు. అయితే నిప్పు ఉన్న గదిలో కట్టెలను ఉంచే సాధనం కనుక పరిమాణం, గట్టిదనం, మంటనుండి దూరం అనే మూడు అంశాలను మొదట చూసుకొని, అందాన్ని ఆ తరువాత చూసుకోవడం మంచిది. ఇంటిలోపల నిజంగా అవసరమయ్యే కట్టెలు తక్కువే కనుక చిన్న స్టాండు సరిపోతుంది, ఖర్చు కూడా తగ్గుతుంది.

ఉపయోగం

చలికాలంలో మంటకు కావలసిన కట్టెలను ప్రధానంగా ఇంటిబయట, పైకప్పు కలిగి ప్రక్కల గాలి ఆడే పాకలో నిల్వచేస్తారు. మంచు కురిసే రాత్రి మాటిమాటికి బయటకు వెళ్ళి కట్టెలు తేవడం కష్టం కనుక కొన్నింటిని లోపలికి తెచ్చి ఉంచుకుంటారు. స్టాండు లేనప్పుడు కట్టెలు నేలమీద దొర్లుతాయి, బెరడు పొట్టు, మట్టి గదంతా పడతాయి, చెక్కనేలమీద గీతలు ఏర్పడతాయి. స్టాండు కట్టెలను నేలకు ఎత్తుగా ఉంచి, పొట్టును ఒకేచోట పడేటట్లు చేస్తుంది.

పూర్వం ఐరోపాలోను, అమెరికాలోను పెద్ద చలిమంట గూళ్ళలో పొడవాటి మొద్దులను కాల్చేవారు. వాటిలో వేడి అధికభాగం పొగగొట్టం ద్వారా బయటకు పోయేది. 1744లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ప్రచురించిన పుస్తికలో పట్టణాల సమీపంలో కట్టెలు దొరకడం కష్టమవుతున్నదని, తాను రూపొందించిన ఇనుప ఫైర్‌ప్లేస్ వలన కట్టె ఆదా అవుతుందని వివరించాడు. తరువాతి కాలంలో మూతతలుపు గల ఇనుప స్టవ్వులు వ్యాపించడంతో మొద్దుల స్థానంలో పొట్టి పేళ్ళు (చీల్చిన కట్టెముక్కలు) వాడుకలోకి వచ్చాయి. ఇప్పుడు దొరికే స్టాండ్లు ఈ పొట్టి పేళ్ళకు తగినవి.

కట్టెలో తేమ

స్టాండు గురించి తెలుసుకొనేముందు కట్టెలోని తేమ గురించి తెలుసుకోవాలి. అప్పుడే నరికిన చెట్టు కలపలో బరువులో దాదాపు సగం నీరే ఉంటుంది. అనగా 10 కిలోల పచ్చికట్టెను మంటలో వేస్తే, దానితోపాటు సుమారు 5 లీటర్ల నీటిని కూడా వేసినట్లే. మరుగుతున్న నీరు ఒక కిలో ఆవిరి కావడానికే సుమారు 2.26 మెగాజౌళ్ళ వేడి ఖర్చవుతుంది. తేమ 20 శాతానికి తగ్గిన కట్టె కిలోకు సుమారు 14 మెగాజౌళ్ళ వేడినివ్వగా, సగం నీరున్న కట్టె సుమారు 8 మెగాజౌళ్ళు మాత్రమే ఇస్తుంది. పైగా పచ్చికట్టె పొగ ఎక్కువగా ఇస్తుంది. ఆ పొగలోని జిగట పదార్థం పొగగొట్టం లోపలి గోడలకు క్రియోసోట్ అనే నల్లని పూతగా అంటుకొంటుంది. ఈ పూత అంటుకొని మండితే పొగగొట్టం పగిలి, ఇల్లే తగలబడే ప్రమాదం ఉంది.

కట్టె ఆరడానికి నెలల కాలం పడుతుంది. పైన్ వంటి మెత్తని కలపకు కనీసం ఆరు నెలలు, గట్టి కలపకు ఏడాది, ఓక్ వంటి చేవగల కలపకు చల్లని ప్రదేశాలలో రెండేళ్ళు కావాలి. ఇంటిలోపలి స్టాండులో రెండు రోజులు ఉంచినంత మాత్రాన పచ్చికట్టె ఎండుకట్టె కాదు. కొద్దిగా ఆరినా ఆ తేమ గదిలోని గాలిలోనే కలుస్తుంది. కాబట్టి స్టాండు కట్టెలను ఆరబెట్టే సాధనం కాదని, ముందే ఆరిన కట్టెలను చేతికందే దూరంలో ఉంచే సాధనమని గ్రహించాలి.

ఇంగ్లాండులో 2021 మే 1 నుండి 2 ఘనమీటర్లకంటే తక్కువ పరిమాణంలో అమ్మే కట్టెలలో తేమ 20 శాతానికి మించరాదనే నిబంధన అమలులోకి వచ్చింది. అంతకంటే ఎక్కువ మొత్తంలో అమ్మేవారు కట్టెను ఎలా ఆరబెట్టాలో కొనుగోలుదారుకు తెలియజేయాలి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ కూడా 20 శాతంలోపు తేమ గల కట్టెనే కాల్చమని సూచిస్తుంది. తేమను కొలిచే చిన్న మీటర్లు దొరుకుతాయి. కొలిచేటప్పుడు పేడును మళ్ళీ చీల్చి, కొత్తగా బయటపడిన లోపలి ముఖం మీద మీటరు ముళ్ళు గుచ్చాలి. మీటరు లేనివారు కట్టె చివరల పగుళ్ళను చూసి, చేతిలో బరువును అంచనావేసి, రెండు పేళ్ళను ఒకదానితో ఒకటి కొట్టి తెలుసుకోవచ్చు. ఎండినవి ఖంగుమని, పచ్చివి మందంగా ధ్వనిస్తాయి.

కట్టెల కొలతలు

అమెరికాలో కట్టెలను కార్డ్ అనే కొలతతో అమ్ముతారు. 4 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవుగా పేర్చిన దొంతర ఒక కార్డ్. అనగా 128 ఘనపుటడుగులు, సుమారు 3.6 ఘనమీటర్లు. ఫ్రాన్సులో స్టేర్ అనే కొలత ఉంది. ఒక ఘనమీటరు స్థలంలో పేర్చిన కట్టె ఒక స్టేర్. 1795లో మెట్రిక్ విధానంతోపాటు ఈ కొలత ఏర్పడింది.

పేళ్ళ పొడవు కూడా దేశాన్నిబట్టి మారుతుంది. అమెరికాలో 16 అంగుళాలు (సుమారు 40 సెం.మీ.), బ్రిటనులో 25 సెం.మీ., నార్వేలో 30 సెం.మీ. సాధారణ పొడవులు. స్టాండు కొనేముందు తమ స్టవ్వులో పట్టే పేడు పొడవు ఎంతో కొలుచుకోవాలి.

ఎంత స్టాండు కావాలి?

దీనిని చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. ఒక గదికి తగిన 5 కిలోవాట్ల స్టవ్వు ఉన్నదనుకొందాం. 20 శాతం తేమ గల కట్టె కిలోకు సుమారు 4 కిలోవాట్-గంటల వేడినిస్తుంది. స్టవ్వు దక్షత 75 శాతమైతే అందులో 3 కిలోవాట్-గంటలు గదికి చేరుతాయి. అనగా గంటకు సుమారు 1.7 కిలోల కట్టె కావాలి. సాయంత్రం 5 గంటలపాటు మంటవేస్తే సుమారు 8.5 కిలోలు, రెండు రోజులకు 17 కిలోలు అవుతుంది.

ఓక్, బీచ్ వంటి గట్టి కట్టెలు ఆరిన తరువాత ఒక ఘనమీటరు దొంతరలో, మధ్య ఖాళీలు పోగా, సుమారు 450 కిలోలు ఉంటాయి. అనగా 40 సెం.మీ. పొడవు గల పేళ్ళను 40 సెం.మీ. వెడల్పు, 40 సెం.మీ. ఎత్తుగా పేర్చితే సుమారు 29 కిలోలు పడతాయి. ఇది మూడు రోజులకు పైగా సరిపోతుంది. పైన్ వంటి తేలిక కట్టెలైతే అదే స్థలంలో సుమారు 19 కిలోలు పడతాయి. రెండు రోజులకు సరిపోతాయి. కాబట్టి స్టవ్వు గల సాధారణ కుటుంబానికి జానెడు జానెడు కొలిస్తే రెండు జానల చదరం గల స్టాండు చాలు. తలుపులేని ఫైర్‌ప్లేస్‌లో వేడి ఎక్కువగా వృథా అవుతుంది కనుక కట్టెలు మరింత ఎక్కువగా కావాలి.

దీనికి భిన్నంగా, గోడపొడవునా నిలిపే 2 మీటర్ల ఎత్తు, 60 సెం.మీ. వెడల్పు గల స్టాండ్లు కూడా అమ్మకానికి ఉన్నాయి. చిత్రాలలో ఇవి ఎంతో ఆకర్షణీయంగా కనిపిస్తాయి. కాని పై లెక్క ప్రకారం అందులో 40 సెం.మీ. పేళ్ళు నింపితే బరువు 2 క్వింటాళ్ళు దాటుతుంది. ఒకవైపునుండే కట్టెలు తీస్తూపోతే బరువు ఒకపక్కకు చేరి స్టాండు ఒరగవచ్చు. చిన్నపిల్లలున్న ఇంట ఇది తీవ్రమైన ప్రమాదం. ఇటువంటిదానిని గోడకు బిగించకుండా వాడరాదు.

రకాలు

* వలయాకారపు స్టాండు: ఇనుప పట్టీని గుండ్రంగా వంచి చేసినది. అందంగా ఉంటుంది. అయితే పేళ్ళు మధ్యకు జారి చేరతాయి కనుక చతురస్రాకారపు స్టాండుకంటే పేర్చడం కష్టం. కాళ్ళు వెడల్పుగా లేకపోతే దొర్లవచ్చు.
* చతురస్రపు చట్రం: నాలుగు నిలువు కడ్డీలు, అడుగున రెండు అడ్డ కడ్డీలు గలది. నిర్మాణం సులభం, ధర తక్కువ, స్థిరత్వం ఎక్కువ.
* అల్లిన బుట్ట: విల్లో కొమ్మలతో లేదా పేముతో అల్లినది. తేలిక, చవక. లోపల గోనెగుడ్డ పరచినదైతే పొట్టు నేలమీద పడదు. కాని బుట్టే మండే పదార్థం కనుక మంటకు మరింత దూరంగా ఉంచాలి.
* ఊయల సంచి: ఇనుప చట్రానికి తోలు లేదా మందపు కాన్వాసు గుడ్డను వేలాడదీసినది. సంచిని విడిగా తీసి బయటనుండి కట్టెలు మోసుకురావచ్చు.
* లోహపాత్ర: రాగి, ఇత్తడి గుండ్రని పాత్రలను బ్రిటనులో ఇందుకు వాడతారు. ఇవి మన కాగు, గంగాళాలను పోలి ఉంటాయి. వాడకంలో లేని పాత గంగాళం ఉన్నవారు దానినే ఇందుకు ఉపయోగించుకోవచ్చు. పొట్టు ఏమాత్రం బయట పడదు. గాలి ఆడదు కనుక బాగా ఎండిన కట్టెలనే ఉంచాలి.
* గోడగూడు: ఇల్లు కట్టేటప్పుడే ఫైర్‌ప్లేస్ పక్కన రాతితోనో ఇటుకతోనో కట్టే గూడు. కదలదు, ఒరగదు. విడిగా కొననక్కరలేదు.

తయారీ పదార్థాలు

ఎక్కువ స్టాండ్లు మెత్తని ఉక్కుతో చేసి, తుప్పు పట్టకుండా పౌడర్ కోటింగ్ వేసినవి. వీటిలో గుల్ల గొట్టంతో చేసినవి, నిండు కడ్డీతో చేసినవి అని రెండు విధాలు. గుల్ల గొట్టం పలుచనిదైతే బరువుకు వంగుతుంది. కమ్మరి కొలిమిలో కొట్టి చేసిన ఇనుప స్టాండు తరతరాలు మన్నుతుంది కాని ఖరీదెక్కువ. పోత ఇనుము బరువైనది. గట్టి దెబ్బ తగిలితే పగులుతుంది. చెక్కతో చేసిన స్టాండును ఇంటిలోపల నిప్పుకు దగ్గరగా వాడకపోవడం శ్రేయస్కరం.

ఉంచవలసిన చోటు

అమెరికాలోని అగ్నిప్రమాద నివారణ సంస్థలు, మండే వస్తువు ఏదైనా స్టవ్వుకు, ఫైర్‌ప్లేస్‌కు కనీసం 3 అడుగుల (సుమారు 90 సెం.మీ.) దూరంలో ఉండాలని హెచ్చరిస్తాయి. కట్టెలు మండే వస్తువులే. అయినా ప్రకటనల చిత్రాలలో స్టవ్వును ఆనుకొని, కొన్నిసార్లు స్టవ్వు అడుగునే కట్టెలు పేర్చి చూపడం జరుగుతుంది. ఆ విధంగా ఉంచడానికి స్టవ్వు తయారీదారు ఇచ్చిన సూచనల పుస్తకంలో అనుమతి ఉంటే తప్ప ఉంచరాదు. స్టవ్వు తలుపు తెరచినప్పుడు ఎగిరిపడే నిప్పురవ్వ ఎండిన బెరడు మీద పడి నెమ్మదిగా రాజుకోవచ్చు. అది అందరూ నిద్రించిన తరువాత మండడం మరింత అపాయకరం.

గదినుండి బయటకు వెళ్ళే దారికి స్టాండు అడ్డురాకూడదు. బూడిద డబ్బాను స్టాండు పక్కన ఉంచరాదు. బూడిదలో కప్పబడిన నిప్పుకణికలు రోజుల తరబడి ఆరకుండా ఉండవచ్చు. బూడిదను మూత గల లోహపు డబ్బాలో వేసి, ఇంటిబయట, గోడకు దూరంగా ఉంచాలి. రాజవేయడానికి వాడే కాగితాలు, చితుకులు స్టాండు అడుగున కుక్కడం కూడా మంచిది కాదు.

పురుగులు, బూజు

బయట చలికి నిద్రావస్థలో ఉన్న పురుగులు ఇంటిలోపలి వెచ్చదనానికి మేల్కొని బయటకు వస్తాయి. వీటిలో అధికభాగం సామానులకు హాని చేయవు. ఐనా రెండు మూడు రోజులలో కాల్చగలిగినన్ని కట్టెలు మాత్రమే లోపలికి తెస్తే ఈ సమస్య దాదాపుగా ఉండదు. పెద్ద స్టాండు నింపి వారాల తరబడి ఉంచకూడదనడానికి ఇది మరొక కారణం. కట్టెలపై పురుగుల మందు చల్లరాదు. అవి కాలినప్పుడు విషవాయువులు వెలువడతాయి. బూజు పట్టిన కట్టెలు ఉబ్బసం గలవారికి ఇబ్బంది కలిగిస్తాయి కనుక లోపలికి తేరాదు.

కట్టెలతోపాటు పురుగులు దూరప్రాంతాలకు చేరడం ఒక పెద్ద సమస్య. ఆసియాకు చెందిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే ఆకుపచ్చని పెంకుపురుగును 2002లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో గుర్తించారు. అప్పటినుండి ఇది ఉత్తర అమెరికాలో కోట్లాది యాష్ వృక్షాలను నాశనం చేసింది. ఇది వ్యాపించిన మార్గాలలో కట్టెల రవాణా ఒకటి. ఈ పురుగుకు సంబంధించిన ఆంక్షలను అమెరికా కేంద్రప్రభుత్వం 2021 జనవరిలో ఎత్తివేసింది. అయితే కట్టెల రవాణాపై పలు రాష్ట్రాలకు సొంత నిబంధనలు ఉన్నాయి. ఏ ప్రాంతంలో కాల్చే కట్టెను ఆ ప్రాంతంలోనే కొనడం ఉత్తమం.

ఎంపికలో పరిశీలించవలసిన అంశాలు

1. ఫైర్‌ప్లేస్ లేదా స్టవ్వునుండి 3 అడుగులు వదిలిన తరువాత గదిలో మిగిలే స్థలమెంతో కొలవాలి. ఆ స్థలమే స్టాండు వెడల్పును నిర్ణయిస్తుంది.
2. స్టాండు లోతు పేడు పొడవులో సగానికి తగ్గకూడదు. తగ్గితే కట్టెలు ముందుకు జారి పడతాయి.
3. స్టాండు పైభాగాన్ని పట్టుకొని ఊపి చూడాలి. ఊగితే, కట్టెలు నింపిన తరువాత మరింత ఊగుతుంది.
4. అతుకుల వద్ద వెల్డింగు నిండుగా ఉన్నదా, మరలతో బిగించేదైతే మరలు ఎన్ని ఉన్నాయో చూడాలి.
5. అడుగుభాగం నేలకు నాలుగైదు వేళ్ళ ఎత్తులో ఉంటే చీపురు దూరుతుంది, గాలి ఆడుతుంది. పొట్టు పడేందుకు కింద రేకు పళ్ళెం ఉంటే ఇంకా మేలు.
6. కాళ్ళకు రబ్బరు లేదా ఫెల్టు తొడుగులు ఉండాలి. లేనిచో నేల గీసుకుపోతుంది.
7. కోసుగా పొడుచుకువచ్చిన అంచులు ఉండరాదు.
8. తన స్టాండు ఎంత బరువు మోయగలదో తయారీదారు తెలిపి ఉంటే, ఆ అంకెను పైన చెప్పిన లెక్కతో పోల్చుకోవాలి.

వీటన్నిటికీ నిలిచిన స్టాండ్లలోనుండి గదికి నప్పే రంగును, రూపాన్ని ఎంచుకోవచ్చు. నలుపు రంగుపై మసి, గీతలు తక్కువగా కనిపిస్తాయి. పనిముట్లు (పట్టకారు, కదిపే కడ్డీ, పార, చీపురు) తగిలించే కొక్కేలు ఉన్న స్టాండు కొంటే వాటికి వేరే స్టాండు అవసరం ఉండదు.

ధర

ధర ప్రధానంగా ఇనుము బరువును, చేతిపనిని, పేరును బట్టి ఉంటుంది. ఒకే రకమైన పనికి అల్లిన బుట్ట, చతురస్రపు చట్రం అన్నిటికంటే చవకైనవి. తోలు సంచి గలవి, కమ్మరి చేసినవి, ప్రసిద్ధ రూపకర్తల పేరుతో వచ్చేవి ఖరీదైనవి. ఎక్కువ ధరవలన కట్టె మరింత బాగా మండదు. డబ్బు పరిమితంగా ఉన్నవారు చిన్న గట్టి చట్రాన్ని కొని, మిగిలిన సొమ్మును తేమ మీటరుకు, పొగగొట్టం శుభ్రపరచడానికి, పొగను, కార్బన్ మోనాక్సైడును గుర్తించి హెచ్చరించే పరికరాలకు వెచ్చించడం వివేకం. చలికాలం ముగిసిన తరువాత ఇటువంటి సామగ్రిని దుకాణాలవారు తగ్గింపు ధరకు అమ్మడం కద్దు. పాత సామానుల అంగళ్ళలో దొరికే ఇనుప స్టాండును తుప్పు గీకి, రంగు వేసి వాడుకోవచ్చు.

పేర్చే విధానం

బరువైన, లావైన పేళ్ళను అడుగున, సన్ననివాటిని పైన ఉంచాలి. పాతవి ముందు ఖర్చయ్యేటట్లు కొత్తవాటిని వెనుక లేదా అడుగున చేర్చాలి. స్టాండు అంచుకంటే ఎత్తుగా పేర్చరాదు. బెరడు పైకి ఉండాలా, కిందికి ఉండాలా అనేది చలిదేశాలలో తరతరాల వివాదం. 2013 ఫిబ్రవరి 15న నార్వే ప్రభుత్వరంగ ప్రసారసంస్థ ఎన్‌ఆర్‌కే కట్టెల గురించి 12 గంటల టెలివిజన్ కార్యక్రమాన్ని ప్రసారం చేసినప్పుడు, ప్రేక్షకుల సందేశాలు ఈ విషయంపైనే రెండుగా చీలిపోయాయి. ఆరుబయట బెరడు పైకి ఉంటే వానను కొంత అడ్డుకొంటుంది. ఇంటిలోపల ఎలా పెట్టినా తేడా లేదు.

కట్టెల మంటపై నిబంధనలు

కట్టెల పొగలోని సూక్ష్మధూళి ఊపిరితిత్తులకు, గుండెకు హాని చేస్తుంది. అందువలన కొన్ని నగరాలలో మంటపై ఆంక్షలు ఉన్నాయి. తెలుగువారు పెద్దసంఖ్యలో నివసించే కాలిఫోర్నియాలోని శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో 2008లో చేసిన నిబంధన ప్రకారం, గాలి కాలుష్యం పెరుగుతుందని హెచ్చరిక వెలువడిన రోజులలో కట్టెలు కాల్చడం నిషిద్ధం. అక్కడ 2016 నవంబరునుండి కొత్తగా కట్టే ఇళ్ళలో కట్టెలు కాల్చే ఫైర్‌ప్లేస్‌లను అనుమతించడం లేదు. అమెరికాలో అనేక ఇళ్ళలోని ఫైర్‌ప్లేస్‌లు గ్యాస్‌తో మండేవి. వాటిలో కట్టెలు వేయరాదు. కాబట్టి కొత్తగా ఇల్లు తీసుకొన్నవారు తమ ఇంటిలోనిది ఏ రకమో నిర్ధారించుకొని, కట్టెలదైతే పొగగొట్టాన్ని నిపుణులచేత పరీక్ష చేయించిన తరువాతనే స్టాండు కొనాలి.

తెలుగునాట కట్టెల నిల్వ

తెలుగు ప్రాంతాలలో గదిని వెచ్చగా ఉంచడానికి ఫైర్‌ప్లేస్ అవసరం లేదు కనుక ఈ రకపు స్టాండు వాడుకలో లేదు. ఇక్కడ కట్టె వంటకోసం. వానాకాలానికి ముందే కట్టెలను పశువులపాకలోనో, వసారా చూరు కిందనో పేర్చుకొని, రోజుకు కావలసినవి వంటింటిలోకి తెచ్చుకొనేవారు. పట్టణాలలో కట్టెల అడితీలలో సరుగుడు, తుమ్మ వంటి కట్టెలను తూకం వేసి అమ్మేవారు. తూకానికి కొనేటప్పుడు పచ్చికట్టె బరువెక్కువ తూగుతుంది కనుక కొనేవారు నీటికి కూడా డబ్బు చెల్లించినట్లే. అందుకే ఎండుకట్టెను ఏరి కొనడం ఇల్లాళ్ళకు తెలిసిన విద్య. వంటగ్యాసు వ్యాపించిన తరువాత ఈ అలవాట్లు చాలా ఇళ్ళలో మరుగునపడ్డాయి. ఐనప్పటికీ, తడవకుండా బయట నిల్వచేసి, ఏరోజు కట్టెలు ఆరోజు లోపలికి తెచ్చి, పొయ్యికి ఎడంగా ఉంచే ఆ పద్ధతి ఈనాటి కట్టెల స్టాండుకు కూడా వర్తిస్తుంది.